కారుకి రేసు బెల్టు... మరి వెనకసీట్లో అమ్మకో?

సంక్రాంతికి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి తెనాలికి కార్లో వచ్చాడు. కారు ఆగీ ఆగకముందే వీధిలో పిల్లలంతా చుట్టూ మూగారు. సంగతేమిటా అని నేనూ తొంగిచూశాను. ముందు సీట్లు రెండింటికీ ఎర్రటి వెడల్పాటి పట్టీలు! భుజాల మీదుగా రెండు, నడుముకి అటూ ఇటూ రెండు, కాళ్ళ మధ్యనుంచి ఇంకొకటి. అయిదూ వచ్చి పొట్ట దగ్గర ఒక గుండ్రటి బిళ్ళలో బిగుసుకుంటాయి.

"దీన్ని హార్నెస్ అంటారు పిన్నీ. రేసు కార్లలో వాడేది. మామూలు బెల్టు దీనిముందు ఎందుకూ పనికిరాదు" అన్నాడు వాడు గర్వంగా. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగినప్పుడు వెళ్ళి చూశాడట. అప్పట్నుంచీ ఆ పిచ్చి పట్టుకుంది.

మర్నాడు అందరం మంగళగిరి బయల్దేరాం. అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టబోయాడు. కాళ్ళమధ్య పట్టీ దగ్గరొచ్చింది చిక్కు. చీర కట్టుకున్న మనిషికి అదెలా పెడతారు? "పోనీ అదొదిలెయ్యమ్మా" అని మిగతా నాలుగూ బిగించాడు. వెనకసీట్లో నేనూ, కోడలూ. కోడలి ఒళ్ళో రెండేళ్ళ పిల్లాడు. ముందుసీట్ల భుజం పట్టీలు నాలుగూ వెనక్కి వచ్చి, కింద నేల దగ్గర బోల్టులకి కట్టి ఉన్నాయి. మోకాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలీదు. మాకోసం కంపెనీవాడిచ్చిన బెల్టుల కొక్కేలు సీటు సందులో ఎక్కడో కూరుకుపోయాయి. వాటిని బయటికి తియ్యమని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఏమీ జరగలేదు లెండి. పానకాలస్వామి దర్శనం చేసుకుని క్షేమంగా ఇంటికొచ్చాం. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ కార్లో ఇంతంత డబ్బు పోసి బెల్టులు కొన్నాం. నిజానికి అందులో భద్రంగా కూర్చున్నదెవరు? మా ఆడపడుచు భర్త మెకానికల్ ఇంజనీరు. ఆయన్నీ అడిగాను, నేనూ కూర్చుని చదివాను. తెలిసిన సంగతులు మీతో కూడా చెప్పాలనిపించింది.

బిగిస్తేనే భద్రమా?

మనకి తెలిసిన మామూలు బెల్టు మూడుచోట్ల బిగుస్తుంది. దీన్ని రూపొందించినాయన స్వీడన్‌కి చెందిన నిల్స్ బోలిన్. వోల్వో కంపెనీ 1959లో దీన్ని కార్లలో పెట్టింది. మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చునని పేటెంటుని అందరికీ వదిలేసింది. ఈ బెల్టు చుట్టకి ఒక తెలివి ఉంది. మెల్లగా లాగితే వస్తుంది, ఒక్కసారిగా కుదిపితే బిగుసుకుపోతుంది. అందుకే మనం ముందుకి వంగి టోల్‌గేట్ దగ్గర డబ్బులివ్వగలం, వెనక్కి తిరిగి బండి రివర్స్ చేసుకోగలం. ఈ రోజుల్లో చాలా కార్లలో ఢీకొన్న క్షణంలో బెల్టు తనంతట తనే బిగుసుకుని, ఛాతీ మీద వత్తిడి మరీ ఎక్కువైతే కొంచెం వదులిచ్చే ఏర్పాటు కూడా ఉంటోంది. ఆ వదులుతో మనిషి ముందుకి వచ్చేసరికి ఎయిర్‌బ్యాగు తెరుచుకుని ఉంటుంది. బెల్టు, సీటు, ఎయిర్‌బ్యాగు... మూడింటినీ కలిపి పరీక్షించి మరీ అమర్చినవి.

రేసు బెల్టు సంగతి వేరు. అది మనిషిని సీటుకి అతికించేస్తుంది. ఒళ్ళంతా కదలకుండా ఉంటే మిగిలేది తల ఒక్కటే. నాలుగైదు కిలోల తల ఒక్క ఊపున ముందుకి విసురుకుపోతే ఆ బరువంతా మెడ మీద పడుతుంది. అందుకే రేసు డ్రైవర్లు హెల్మెట్‌ని భుజాలమీది పట్టీకి కలిపే 'హాన్స్' అనే సాధనం పెట్టుకుంటారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటోనా పందెంలో, ఆఖరి చుట్టులో, పేరుమోసిన డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ గోడకి ఢీకొని చనిపోయాడు. పుర్రె అడుగుభాగం విరిగింది. ఆయన ఆ సాధనం పెట్టుకోలేదు. ఆ ఏడాదే అక్కడి పందేల సంస్థ నాస్కార్ తల, మెడలకి రక్షణ ఉండి తీరాలని నిబంధన పెట్టింది. 2003 నుంచి ఫార్ములా వన్‌లోనూ హాన్స్ తప్పనిసరి అయింది.

మరి మనం హెల్మెట్, హాన్స్ తగిలించుకుని రైతుబజారుకి వెళతామా?

ఇంకో సంగతి. రేసు కారు లోపల ఇనపగొట్టాలతో పంజరంలాంటిది కట్టి ఉంటుంది. కారు పల్టీ కొట్టినా పైకప్పు డ్రైవరు నెత్తి మీదికి కుంగదు. మన కారులో ఆ పంజరం లేదు. పైకప్పు కుంగినప్పుడు మామూలు బెల్టు పెట్టుకున్న మనిషి పక్కకి ఒరగడానికైనా కాస్త వీలుంటుంది. రేసు బెల్టులో నిటారుగా బిగుసుకున్న మనిషికి ఆ వీలూ లేదు.

చీర కట్టుకుంటే ఇంకా ముప్పే

మా అక్క విషయంలో జరిగింది చూశారుగా. కాళ్ళమధ్య పట్టీని అలంకారం కోసం పెట్టలేదు. భుజం పట్టీలు బిగుసుకున్నప్పుడు నడుం పట్టీని పైకి లాగుతాయి. అది తుంటి ఎముకల మీదినుంచి పొత్తికడుపు మీదికి జరగకుండా కిందనుంచి పట్టి ఉంచేది ఆ అయిదో పట్టీయే. అది లేకుండా నాలుగే బిగిస్తే, ఢీకొన్నప్పుడు మనిషి పట్టీ కిందనుంచి ముందుకి జారిపోతుంది. దెబ్బ తట్టుకోగల ఎముకని వదిలేసి, పట్టీ వెళ్ళి మెత్తటి పేగులమీద, కాలేయంమీద నొక్కుకుంటుంది. గర్భిణి అయితే ఇక చెప్పేదేముంది! చీర కట్టుకునే ఆడవాళ్ళు ఉన్న ఇంట్లో ఆ బెల్టుని సరైన పద్ధతిలో పెట్టుకోవడమే కుదరదన్న మాట.

భుజం పట్టీలు వెనక నేలకి కట్టడం కూడా తప్పేనట. అవి భుజాల ఎత్తులోనో, ఆ ఎత్తుకి కాస్త కిందుగానో వెనక్కి వెళ్ళాలి. నిట్టనిలువుగా కిందికి లాగి కడితే ఢీకొన్నప్పుడు భుజాల్ని కిందికి నొక్కి వెన్నుపూసల మీద భారం వేస్తాయి. పోనీ ఊపిరాడటంలేదని వదులు చేసుకున్నామా, ఆ బెల్టు ఉండీ లేనట్టే.

యూరప్‌లో కొన్ని కంపెనీలు రోడ్డు కార్ల కోసమే పరీక్షించి, ఫలానా కారుకి ఫలానా విధంగా అని అనుమతి పొందిన నాలుగు పట్టీల బెల్టులు తయారుచేస్తున్నమాట నిజమే. మనవాళ్ళు ఆ వివరాలన్నీ చూసి కొంటున్నారా? రంగు చూసి కొంటున్నారు. వాడకంలో ఉన్న అసలు బెల్టు పెట్టుకోకపోతే కారు 'టింగు టింగు'మని గోల చేస్తుంది కదా, ఆ నోరు నొక్కడానికి ఒక ఉత్తుత్తి కొక్కెం కూడా కొనిపెడుతున్నారు. వినియోగదారుల రక్షణ కోసం ఉన్న కేంద్ర సంస్థ 2023లో ఇలాంటి కొక్కేలను అమ్మకాల జాబితాల్లోంచి తీసెయ్యాలని పెద్ద పెద్ద ఆన్‌లైన్ దుకాణాలని ఆదేశించవలసి వచ్చిందంటే వీటి గిరాకీ ఎంతటిదో అర్థం చేసుకోండి.

వెనకసీటు మాటేమిటి?

నన్నడిగితే, ఈ రేసు బెల్టుల వల్ల జరిగే అసలు నష్టం ఇంకోటుంది. స్టీరింగు దగ్గర కూర్చున్నవాడికే ప్రాణం ఉన్నట్టు, వెనక కూర్చున్నవాళ్ళు సామాన్లయినట్టు అయిపోతోంది. మన ఇళ్ళలో వెనకసీటు ఎవరిది? అమ్మది, అత్తగారిది, చంటిపిల్లల తల్లిది. ఆ సీటులో బెల్టు పెట్టుకోవడం మనకి నామోషీ. "వెనకున్నవాళ్ళకెందుకే?" అని ఒకరు, "చీర నలుగుతుంది" అని ఇంకొకరు.

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదం గుర్తుందా? పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ అందులో పోయారు. ఖరీదైన కారే. ముందుసీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనకసీట్లో ఉన్న ఇద్దరూ చనిపోయారు. వెనక ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు దేన్నైనా గుద్దుకోవడమంటే మూడంతస్తుల మేడ మీదినుంచి కింద పడడంతో సమానం. మేడ మీదినుంచి పడుతూ ఒళ్ళో పిల్లాడిని పట్టుకోగలమా? తల్లి చేతులు ఎంత గట్టివైనా ఆ క్షణంలో అవి చాలవు. అందుకే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అంటోంది. జరిమానా సంగతి అలా ఉంచండి, పిల్లాడు మనవాడు కదా!

మనం చెయ్యగలిగినవి పెద్ద పనులేమీ కాదు. సీటు సందుల్లో పడిపోయిన కొక్కేలని బయటికి లాగుదాం. నడుం పట్టీని కుచ్చిళ్ళ ఎత్తుమీద కాకుండా, కిందుగా తుంటి ఎముకలకి ఆనేలా సర్దుకుందాం. గర్భిణులు దాన్ని పొట్ట కిందుగా పెట్టుకోవాలి. పై పట్టీ మెడకి ఒరుసుకోకుండా భుజం మధ్యనుంచి ఛాతీ మీదికి రావాలి. చంకకిందనుంచి పోనివ్వకూడదు. చంటివాళ్ళకి వాళ్ళ సీటు కొనిపెట్టాలి. ఆ రేసు బెల్టులకి పెట్టే డబ్బుతో అది కూడా వచ్చేస్తుందేమో అడిగి చూడండి.

మా వాడికి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. "రేసుల్లో వాడేదాన్ని పట్టుకుని ప్రమాదమంటావేంటి పిన్నీ" అని నవ్వాడు. "రేసుల్లో వాళ్ళకి హెల్మెట్ ఉంది, పంజరం ఉంది, వెనకసీట్లో అమ్మ లేదు నాన్నా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "సరే, చూస్తాలే" అన్నాడు. చూస్తాడో లేదో తెలీదు. వారం తర్వాత కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యా, బాబుకి సీటు కొన్నాం. ఆ ఎర్రపట్టీలు అడ్డొస్తున్నాయని వెనకవైపు విప్పించేశాను" అంది.

వాడు వినకపోయినా ఆమె విన్నది. నాకదే చాలు.