నేల తేమ దత్తాంశంలో ఖాళీలు: మోటారు తీగలను విస్మరించరాదు

హైదరాబాదు అశోక్‌నగర్‌లో మా ఇంటి పరిసరాలలో ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్న వ్యవసాయ పట్టభద్రులు తరచు తారసపడుతుంటారు. బిందు సేద్యంలో సెన్సర్ల ప్రయోజనాలను వారు తడుముకోకుండా చెప్పగలరు. సెన్సర్ తీగను పొలంలో ఏ దారిన వేయాలని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. ఈ లోపం వారిది కాదు, బోధించే మాది.

కొన్నేళ్ళ క్రితం నేను నిర్వహించిన ఒక మొక్కజొన్న ప్రయోగంలో నేల తేమ రీడింగులు మధ్యమధ్య ఆగిపోయేవి. ఆ ఖాళీలను ముందువెనుకల విలువల సగటుతో పూరించాను. తరువాత మోటారు నడిచిన వేళలతో సరిచూడగా, ఖాళీలలో అధిక భాగం తడి ఇచ్చిన సమయాలలోనే కనిపించాయి. సెన్సర్ తీగ, మోటారు తీగ ఒకే కందకంలో పక్కపక్కనే ఉన్నాయి. నేను కొలవదలచిన మార్పే నా పట్టికలో లేకుండాపోయింది.

ఆర్‌ఎస్-485 డేటా బస్ రెండు తీగల మధ్య వోల్టేజి భేదాన్ని సంకేతంగా గ్రహిస్తుంది. తీగలు మెలివేసి ఉంటే బయటి అలజడి రెండింటిపైనా దాదాపు సమానంగా పడుతుంది కనుక భేదం నిలుస్తుంది. అయితే స్టార్టర్ కాంటాక్టర్ తెరుచుకున్నప్పుడు, సౌర పంపు డ్రైవ్ పనిచేస్తున్నప్పుడు వెలువడే అలజడి వలన ఉమ్మడి వోల్టేజి -7 నుండి +12 వోల్టుల పరిధిని దాటితే సందేశం చెడిపోవచ్చు. మోడ్‌బస్ ఆర్‌టీయూలోని 16 బిట్ల దోష పరీక్ష అటువంటి సందేశాన్ని తిరస్కరిస్తుంది. అందుచేత తప్పు విలువకు బదులు ఖాళీ మిగులుతుంది. ఈ ఖాళీ యాదృచ్ఛికం కాదు. దానిని సగటుతో పూరించడం శాస్త్రీయం కాదు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. మోటారు ఏ వేళనైనా నడవవచ్చు గనుక సరఫరా వేళలను బట్టి దోషాన్ని ఊహించడం చాలదు.

నివారణ కష్టసాధ్యం కాదు. షీల్డ్ కలిగిన మెలివేత తీగను వాడాలి. విద్యుత్ తీగకు కనీసం 30 సెం.మీ. దూరం పాటించి, దాటవలసిన చోట లంబంగా దాటించాలి. షీల్డ్‌ను సాధారణంగా ఒక చివరనే ఎర్త్ చేయాలి. బస్ రెండు చివరలలో మాత్రమే 120 ఓమ్‌ల నిరోధకాలను అమర్చాలి.

ఇకపై సెన్సర్ ఆధారిత సిద్ధాంత వ్యాసాలలో తీగల అమరిక పటాన్ని, తిరస్కృత సందేశాల సంఖ్యను, మోటారు నడిచిన వేళలను తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. మన పట్టికలను నమ్మి తడి ఇచ్చే రైతుకు ఇంతపాటి జాగ్రత్త చూపవలసిన బాధ్యత మనపై ఉన్నది.