అమ్మకో కోడ్

జనవరిలో ఓ మంగళవారం. ప్లేనోలో ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్. "నేనేనే, అమ్మని. బయట ఉండిపోయా." ట్రాష్ డబ్బా రోడ్డు పక్కన పెట్టి వచ్చేలోపు మా స్మార్ట్ లాక్ దానంతటదే పడిపోయిందట. ఒంటిమీద స్వెట్టరు, కాళ్లకు హవాయి చెప్పులు. సెల్లేమో లోపల. ఎదురింటావిడ తన ఫోన్ ఇచ్చింది కాబట్టి సరిపోయింది.

ధీమాగా యాప్ తెరిచాను. "ఆఫ్‌లైన్" అంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. తాళంచెవి పట్టుకుని ఫ్రిస్కోకి పరుగెత్తాను.

అమ్మ అప్పుడేమీ అనలేదు. సాయంత్రం కాఫీ కలుపుతూ మాత్రం, "మీ ఇంట్లోకి రావాలంటే మీ ఫోన్లు దయతలచాలే అమ్మాయ్" అంది. నవ్వుతూనే అంది కానీ, నాకు గట్టిగానే తగిలింది.

రాత్రి కూర్చుని చూస్తే తెలిసింది. ఆదివారం మావారు కొత్త రౌటర్ పెట్టి, ఫోన్లూ టీవీ అన్నీ కలిపారు. తలుపు సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఇప్పుడు కలపబోతే అది మొరాయించింది. వైఫై తాళాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. మా రౌటరేమో 2.4నీ, 5నీ ఒకే పేరుతో ఇస్తోంది. గెస్ట్ నెట్‌వర్క్‌ని 2.4కే పరిమితం చేసి, తలుపు దగ్గర నిలబడి కలిపితే వెంటనే పట్టుకుంది.

పనిలో పనిగా బ్యాటరీలు చూస్తే, పిల్లల బొమ్మల్లోంచి తీసి పెట్టిన రీచార్జబుల్‌వి! వాటి వోల్టేజి వేరు కాబట్టి, ఛార్జి ఎంత మిగిలిందో తాళం సరిగ్గా లెక్కకట్టలేదు. ఆల్కలైన్‌వి వేశాను. మీ తాళం మూలుగుతూ తిరుగుతోందా? తలుపు తెరిచిపెట్టి ఒకసారి తిప్పి చూడండి. అప్పుడు తేలిగ్గా తిరిగితే తప్పు వైఫైది కాదు, గడియ వెళ్లి ద్వారబంధం కన్నంలో సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట.

ఇంతా చేసి, వీటిలో ఏదీ ఆ రోజు అమ్మకి అక్కర్లేదు. కీప్యాడ్ మీద నొక్కే కోడ్ తాళంలోనే ఉంటుంది, దానికి ఇంటర్నెట్‌తో పనిలేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అలాంటప్పుడు కూడా, బ్యాటరీ ఉంటే చాలు, కోడ్‌తో తలుపు తెరుచుకుంటుంది. మేం ఆవిడకి కోడే ఇవ్వలేదు. అడగలేదు కదా అనుకున్నాం.

నంబరు తనే ఎంచుకుంది. గుంటూరు ఇంటి పాత ల్యాండ్‌లైన్ చివరి నాలుగంకెలు. నేనెప్పుడో మర్చిపోయాను వాటిని.

ఇప్పుడు మేం ఇంట్లో ఉన్నా అమ్మ బెల్ కొట్టదు.