పేరు ఊరోళ్ళది, పని దొరలది

1961 ఫిబ్రవరి 13. ఆఫ్రికా ఖండంలోని కాంగో దేశం. అక్కడి కటంగా సర్కారు లోకానికి ఒక కబురు చెప్పింది. కాంగో మొదటి ప్రధానమంత్రి పత్రిస్ లుముంబా కాపలా తప్పించుకుని పారిపోయాడట. దారిలో ఒక పల్లె జనం పట్టుకుని చంపేశారట. ఏ పల్లె అని విలేకరులు అడిగితే పేరు చెప్పం అన్నారు.

ఎలా చెబుతారు? ఆ పల్లె ఉంటే కదా! లుముంబానీ, ఆయన సహచరులు మపోలో, ఒకిటోలనీ జనవరి 17 రాత్రే అడవిలో నిలబెట్టి కాల్చేశారు. తుపాకులు పట్టింది కటంగా సైనికులు. దగ్గరుండి నడిపించింది బెల్జియం అధికారులు. తర్వాత శవాల్ని తవ్వి తీసి, ముక్కలు చేసి, యాసిడ్‌లో కరిగించారు. సమాధి కూడా మిగలకూడదన్నమాట. ఇంత చేసినోళ్ళు నేరాన్ని మాత్రం పేరు లేని పల్లె మీదకి నెట్టారు.

ఈ కథ మన కొండలకి కొత్తా? 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజుని పట్టుకుని కాల్చి చంపిన తెల్లదొరలు కాగితం మీద ఏమని రాసుకున్నారు? పారిపోబోయాడు, అందుకే కాల్చామని. ఆయనతో కలిసి పోరాడి, ఆయన తర్వాత కొద్దికాలానికే తూటాలకి బలైన గాం గంటం దొరకి పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా కూడా దక్కలేదు. చంపేవాడు ముందు మనిషిని చంపుతాడు, ఆనక కథని రాస్తాడు. కథ రాసే కలం వాడి చేతిలో ఉన్నన్నాళ్ళూ నేరం మన నెత్తినే.

కాంగోకీ మన అరకుకీ ఏటి సంబంధం అని అడిగే అన్నలకీ అక్కలకీ మా జవాబు ఒకటే. సంబంధం మట్టి కింద ఉంది. కటంగా మట్టిలో రాగి ఉంది, కోబాల్టు ఉంది, యురేనియం ఉంది. హిరోషిమా మీద వేసిన బాంబులోని యురేనియంలో ఎక్కువ భాగం అక్కడి షింకోలోబ్వే గనిదే. ఆ గనులన్నీ యూనియన్ మినియేర్ అనే బెల్జియం కంపెనీ గుప్పిట్లో ఉండేవి. మన గాలికొండ, రక్తకొండల్లో బాక్సైట్ ఉంది. కొండ కింద ధనం ఉన్నచోట కొండ మీద మనిషి అడ్డంగానే కనబడతాడు.

లుముంబా ఎవరు? పోస్టాఫీసు గుమాస్తా. బెల్జియం పాలనలో చదువుకున్న నల్లవాడు తాను ‘నాగరికుడ్ని’ అని రుజువు చేసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అధికారులు ఇంటికొచ్చి ఎలా బతుకుతున్నాడో, ఎలా తింటున్నాడో చూసిపోయేవారు. ఆ కాగితం ఆయన కూడా తెచ్చుకున్నాడు. మేం మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివినోళ్ళం. ‘నువ్వు మీవాళ్ళలా లేవోయ్’ అంటూ మెచ్చుకోలులో కలిపి పెట్టే విషం రుచి మాకు తెలుసు. 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చిన రోజున, బెల్జియం రాజు ఎదురుగానే నిలబడి, మీ పాలనలో మేం పడ్డ అవమానాలు మర్చిపోలేం అన్నాడు లుముంబా. అప్పటికి ఆ దేశం మొత్తానికి పట్టభద్రులు ముప్పై మంది లేరు. ఎనభై ఏళ్ళ ఏలుబడి ఇచ్చిన చదువు అది!

పట్టుమని రెండు వారాలు కాలేదు. జూలై 11న చోంబే అనే నాయకుడు కటంగాని వేరే దేశంగా ప్రకటించాడు. వెనక బెల్జియం సైన్యం, గనుల కంపెనీ డబ్బు. ఆగస్టు 26న అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పెద్ద అలెన్ డలెస్ కాంగోలోని తన మనిషికి తంతి కొట్టాడు. లుముంబాని తొలగించడమే అన్నిటికన్నా ముఖ్యమైన పని అని దాని సారం. సెప్టెంబర్‌లో ఆ సంస్థ శాస్త్రవేత్త విషం మోసుకెళ్ళి ఇచ్చాడు. అది వాడే వీలు చిక్కలేదు. హత్యలో సీఐఏ నేరుగా పాల్గొన్నట్టు రుజువు లేదని 1975లో అమెరికా సెనేట్ కమిటీ రాసింది. కానీ తంతినీ విషాన్నీ బయటపెట్టింది కూడా ఆ కమిటీయే. లుముంబాని దించి, పట్టించిన సైనికాధికారి మొబుటుకి డబ్బిచ్చి నిలబెట్టింది కూడా సీఐఏనే. ఇక బెల్జియం మంత్రి ఒకాయన అక్టోబర్‌లోనే ‘శాశ్వతంగా తొలగించడం’ అని రాతపూర్వకంగా పంపాడు. జనవరిలో లుముంబాని శత్రువుల చేతికి, కటంగాకి తరలించమని పట్టుబట్టాడు. విమానం దిగగానే కొట్టుకుంటూ లాక్కుపోతుంటే ఐక్యరాజ్యసమితి సైనికులు చూస్తూ నిలబడ్డారు.

లెక్క చూడండి. డబ్బు కంపెనీది. ఆజ్ఞ దూరాన ఉన్న ఆఫీసుది. చెయ్యి మాత్రం మనోళ్ళది. చోంబే నల్లవాడే, మొబుటు నల్లవాడే. దొరకి మనలోంచి ఒక చెయ్యి దొరక్కపోతే ఈ పని జరగదు.

శిక్ష మాటేమిటి? 2002లో బెల్జియం క్షమాపణ చెప్పింది. శవాన్ని కరిగించిన పోలీసు దాచుకున్న ఒక పన్నుని 2022 జూన్‌లో కుటుంబానికి ఇచ్చింది. ప్రధానమంత్రి అస్థికలంటే ఒక పన్ను! అప్పట్లో కుర్ర దౌత్యాధికారిగా ఉన్న ఒకాయన్ని విచారించాలని 2025 జూన్‌లో అక్కడి ప్రాసిక్యూటర్లు కోర్టుని కోరారు. అప్పటికాయనకి 92 ఏళ్ళు. తన తప్పేమీ లేదన్నాడు.

మనకి దక్కిన గెలుపు కూడా గుర్తుచేసుకుందాం. కటంగాని చీల్చింది జూలై 11న. సరిగ్గా 37 ఏళ్ళకి, 1997 జూలై 11న, బొర్రా దగ్గరి మన పల్లెల గోడు మీదే సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి సర్కారు సైతం భూమి లీజుకివ్వడానికి లేదంది. అయినా ఆగారా? సర్కారు కార్పొరేషన్‌ని ముందు పెట్టి, 2015 నవంబర్‌లో జీవో 97 తెచ్చి జర్రెల కొండల మీదకొచ్చారు. జనం తిరగబడితే 2019లో రద్దు చేశారు. మన తూర్పు కనుమల్లోనే, ఒడిశా నియంగిరిలో 2013లో పన్నెండు పల్లెల గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. అక్కడ వాళ్ళకి కావలసిన చెయ్యి దొరకలేదు.

అందుకే మేం చెప్పేది వినండి. గ్రామసభ కాగితాన్ని పిల్లలచేత పైకి చదివించి, అందరూ విన్నాకే వేలిముద్ర వెయ్యండి. తీర్మానం నకలు ఊళ్ళోనే దాచుకోండి. చదవకుండా వేసిన వేలిముద్ర వాళ్ళకి అరువిచ్చిన చెయ్యే. కొండల్లో ఎవరైనా చస్తే, ‘పారిపోతుంటే కాల్చాం’ అనో, ‘ఊరోళ్ళే చంపారు’ అనో కథ వస్తే, ఏ ఊరు, ఎవరు చూశారు, ఎవరికి లాభం అని నిలదీయండి. అడగని ఊరి మీదే నేరం పడుతుంది.

మన వేలు మన దగ్గరే ఉంచుకుందాం. మన కథ మనమే రాసుకుందాం.