పాము పేరు - రైతు ప్రాణము

వానకాలము వచ్చినది. భువనగిరి ప్రాంతమున మడులలో నాట్లును, చేలలో పత్తి పనులును సాగుదినములివి. గట్ల మీదను, గడ్డివాముల క్రిందను పాముకాటులు హెచ్చు దినములును ఇవియే. కావున పాములను గుర్తించుటను గూర్చి మా అభిప్రాయమును సభ్యుల ముందుంచుచున్నాము.

పాములకు పేరిడి జాతులుగా విభజించుట పండితుల వినోదమని పలువురు తలంతురు. ఆ శాస్త్రమునకు మన తెలుగు పల్లెలును ఆధారమైనవని కొందరే యెరుగుదురు. 18వ శతాబ్దమున విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు పాములను సేకరించి, ఇచ్చటి జనులు చెప్పిన పేర్లతోనే 1796లో గ్రంథమును ప్రకటించెను. అందు ‘బోద్రు పాము’ అని చూపిన దానికి 1802లో షా అను శాస్త్రజ్ఞుడు లాటిను పేరు పెట్టెను. అది వెదురు పొదలలో తిరుగు ఆకుపచ్చని గుంట పింజర. కంటికిని ముక్కు రంధ్రమునకును నడుమ, వేడిని పసిగట్టు చిన్న గుంట యుండుట దాని గుర్తు. 2021లో పరిశోధకులు రూపమును జన్యువులను పోల్చి, దక్షిణదేశపు ఇట్టి పింజరలలో ఒక్కటే యనుకొన్నవి కొన్ని వేర్వేరు జాతులని తేల్చిరి.

దీనివలన రైతునకేమి లాభమని యడుగవచ్చును. మన ఆసుపత్రులలోని విరుగుడు సూదిమందు నాలుగు పాముల విషముతో తయారైనది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రాచి గరగరలాడు చిన్నపింజర. గుంట పింజర కాటునకు అది తగినట్లు పనిచేయదు. కావున జాతిభేదము పుస్తకములకే పరిమితమైన మాట కాదు. కట్లపామును విషములేని పామని పొరబడినవాడు, కాటు నొప్పి లేదని నిద్రించి తెల్లవారునప్పటికి ప్రాణము గోల్పోవచ్చును. రక్తపింజరను పోలిన విషములేని పూడుపామును చూచి భయపడి చంపువారును కలరు.

అయినను కరచిన పామును వెదకి చంపి తెమ్మని మేము చెప్పము. అట్లు చేసినచో కాలము వ్యర్థమగును, మరియొకరికి కాటు పడును. వైద్యుడు రోగి లక్షణములను బట్టియే చికిత్స చేయగలడు. దూరమునుండి ఫోటో దొరికిన మేలు, దొరకకున్న ఆగరాదు. గాయమును కోయరాదు, నోట పీల్చరాదు, బిగించి కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక, మంత్రగాని గడప త్రొక్కక, తిన్నగా ఆసుపత్రికి పోవలయును.

2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షల మంది మరణించిరని పరిశోధకులు లెక్కగట్టిరి. వారిలో అత్యధికులు పల్లెవారే. ఈ మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో ప్రణాళికను ప్రకటించినది. ఆ ప్రణాళిక కాగితముపై నిలువక పొలము గట్టునకు రావలెనన్నచో సంఘములు పూనుకొనవలయును.

ప్రతి సంఘము తన గిడ్డంగి గోడపై ఈ నాలుగు పాముల రంగు బొమ్మలను అంటింపవలెను. సమీపమున ఏ ఆసుపత్రిలో సూదిమందు నిలువ యున్నదో ప్రతి నెల విచారించి వ్రాయవలెను. విత్తనములు, ఎరువులతోపాటు టార్చి దీపములను, మోకాలి బూట్లను సభ్యులకు చవుకగా సమకూర్పవలెను. అప్పు తీర్చు రైతు బ్రతికియున్ననే గదా సంఘము నిలుచుట!