రేకు పెట్టె మిగిలింది!

ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ నాలుగేళ్లు అమెజాన్ అడవుల్లో తిరిగాడు. 1848లో తనతోపాటు వచ్చిన స్నేహితుడు బేట్స్ రెండేళ్లకే వేరే దారి పట్టాడు. సాయంగా ఉందామని వచ్చిన తమ్ముడు 1851లో ఎల్లో ఫీవర్‌తో కన్నుమూశాడు. జ్వరాలతో చిక్కిశల్యమైన వాలెస్ 1852 జులైలో ఒంటరిగా ఇంటికి ఓడెక్కాడు. వెంట పెట్టెల నిండా పక్షులు, పురుగుల నమూనాలు. ప్రాణాలతో ఉన్న కోతులు, చిలుకలు.

ఆగస్టు 6న నడిసంద్రంలో ఓడకు నిప్పంటుకుంది. పొగ నిండిన గదిలోంచి వాలెస్ చేతికందింది ఓ రేకు పెట్టె. అందులో ఉన్నవి తాటిజాతి చెట్లవి, చేపలవి తాను గీసుకున్న బొమ్మలు. మిగతా కష్టమంతా కళ్లముందే బూడిదైంది. తాడు కాలి నీళ్లలో పడ్డ ఒక్క చిలుక మాత్రం దక్కింది. నీరు కారే పడవలో పది రోజులు గడిచాక మరో ఓడ వాళ్లను కాపాడింది.

ఇంగ్లండ్ చేరితే ఇక సముద్రం జోలికి పోనని దారిలో ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు రెండేళ్లు కూడా నిలవలేదు! 1854లో సింగపూర్ వెళ్లాడు. 1858లో నేటి ఇండోనేషియా దీవుల నుంచి డార్విన్‌కు ఓ వ్యాసం పంపాడు. జీవపరిణామంపై ఇద్దరి రచనలనూ ఆ ఏడాదే లండన్‌లో ఒకే సభలో చదివారు.

ఆ చేపల బొమ్మలు ఇప్పటికీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.