టిక్కు ఎవరు పెట్టారు?



పోయిన నెల మన ల్యాబ్ కంప్యూటర్‌లో వీడియోలు చూసే ప్రోగ్రాం ఎక్కించింది నేనే. ఏం రాసుందో చూడకుండా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేశా. అడగని టూల్‌బార్ ఒకటి వచ్చి కూచుంది. బ్రౌజర్ తెరిస్తే మొదటి పేజీయే మారిపోయింది. సార్ తిట్టారు. తిట్టాల్సిందే. కానీ ఆ గడిలో టిక్కు నేను పెట్టలేదు, వాళ్లే ముందుగా పెట్టి ఉంచారు! పేరున్న జావా కూడా 2015 దాకా ఆస్క్ టూల్‌బార్‌ని ఇలాగే టిక్కు పెట్టి ఇచ్చేది. వద్దు అనకపోతే కావాలన్నట్టేనా?

మా అమ్మ సంతలో ఉప్పు, నూనె అప్పు తెచ్చింది. షావుకారు కాగితంలో సబ్బులు కూడా రాసుకున్నాడు. అమ్మకు చదువు రాదు, వేలిముద్ర వేసింది. నాకు చదువొచ్చు. వచ్చి కూడా చదవకుండా నొక్కాను. సార్ తిట్టినదానికన్నా అదే ఎక్కువ సిగ్గనిపించింది.

ఎక్స్‌ప్రెస్ వదిలి కస్టమ్ నొక్కితే ఆ గడులు చాలావరకు బయటపడతాయి, టిక్కు తీసెయ్యొచ్చు. డిక్లైన్ అని ఉంటే అదే నొక్కాలి. అంతా ఇంగ్లీషే, నిజమే. అందుకే ఇకమీద ఇద్దరిద్దరం కూచుందాం. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు నొక్కాలి. ల్యాబ్‌లో ఒక డిక్షనరీ పెట్టించమని వార్డెన్ మేడంగారిని అడుగుతున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని