సంఘం కట్టినందుకు శిక్షా?

కృత్రిమ పీచు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. కృత్రిమ నూలు మీద 12 నుంచి 5కు తగ్గింది. హస్తకళా వస్తువులూ 12 నుంచి 5కు వచ్చాయి. చేనేత వస్త్రం మీద 2017 నుంచి ఉన్న 5 శాతం మాత్రం కదల్లేదు. 2025 సెప్టెంబరు 3 నాటి 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ఏటికొప్పాక లక్కబొమ్మకు ఊరటనిచ్చింది, అది హర్షించదగ్గదే. పాలియెస్టర్ మిల్లుకూ ఊరటనిచ్చింది. గుంట మగ్గానికి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

ఎందుకని అడిగితే జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. చిన్న నేతగాడికి అసలు పన్నే లేదు కదా, ఏడాది అమ్మకాలు పరిమితి దాటనివారు రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు కదా, ఇక భారం ఎవరి మీద అని తిరిగి ప్రశ్నిస్తారు. పన్నును సమర్థించడానికి చెప్పే మాటలన్నిటిలోనూ నిజాయతీ లేనిది ఇదే.

ఆ చిన్న నేతగాడు ఎవరో ముందు తేల్చాలి. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో ఒక నేత ఇంటికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. గుంటలోకి కాళ్లు దించి ఇంటాయన నేస్తుంటాడు. ఇల్లాలు పక్కనే రాట్నం మీద కండెలు చుడుతుంది. కళ్లు సరిగా కనిపించని ముసలితల్లి చిలప నూలు చిక్కులు తీస్తుంటుంది. ముగ్గురి పనికీ కలిపి చేతికొచ్చేది ఒక్క మజూరి. నూలు సొసైటీ ఇస్తుంది, లేదా మాస్టర్ వీవర్ ఇస్తాడు. దిగిన చీర తీసుకునేది కూడా వాళ్లే. ఈ ఇంటికి అమ్మకాలే లేవు. అమ్మకాలు లేని ఇంటికి అమ్మకాల పరిమితి చూపించి మినహాయింపు ఇచ్చామనడం ఏం న్యాయం?

సొంతంగా నూలు కొని, నేసి, అమ్ముకునేవారు కొందరు ఉన్నారు. వారికైనా పన్ను తప్పిందా అంటే అదీ లేదు. నూలు మీద 5 శాతం, రంగుల మీద 18 శాతం కొన్న రోజే కడుతున్నారు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ సొమ్ము వెనక్కి రాబట్టుకునే దారి వారికి లేదు. చిలప నూలుకు 15 శాతం రాయితీ ఇస్తున్నామని కేంద్రం చెప్పుకొంటోంది. అదే నూలు మీద పన్నూ వసూలు చేస్తోంది.

ఇక సంఘాల సంగతి. వంద మగ్గాలున్న సొసైటీని తీసుకుందాం. మగ్గానికి నెలకు 15 వేల రూపాయల గుడ్డ దిగుతుందనుకుంటే నెలకు 15 లక్షలు. రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మూడు నెలలు తిరక్కుండానే రెండూ దాటిపోతాయి. ఆ వంద కుటుంబాల్లో ఏ ఒక్కటీ ధనిక కుటుంబం కాదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది చేనేత, దాని అనుబంధ పనులు చేస్తున్నారు. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండొంతులకు నెల ఆదాయం 5 వేల లోపే. ఇంత పేదవాళ్లు వందమంది ఒక పద్దు కింద చేరగానే చట్టం వారిని వ్యాపార సంస్థగా లెక్కగడుతోంది. రిటర్నులు, అకౌంటెంటు ఫీజు, ఆలస్యమైతే జరిమానా. పైగా బిల్లు రాయగానే పన్ను బాకీ పడుతుంది. రాష్ట్ర చేనేత సహకార సంస్థలైన ఆప్కో, టెస్కోల నుంచి రావలసిన డబ్బు కోసం మాత్రం సంఘాలు నెలల తరబడి ఎదురుచూడాలి. రాని డబ్బు మీద పన్ను కట్టడానికి ఆ సంఘం అప్పు తేవాలి.

న్యాయమైన వ్యాపారం, ఫెయిర్ ట్రేడ్, అని ప్రపంచం పిలుస్తున్నది సంఘాల మీదే నిలబడింది. చేతివృత్తుల వస్తువులకు ఆర్డరు ఇచ్చే కొనుగోలుదారు, అడిగితే కనీసం సగం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలన్నది ఆ ఉద్యమ నియమం. అలా అడగగలిగేది ఎవరు? లెక్కల పుస్తకం, బ్యాంకు ఖాతా, నలుగురి పూచీ ఉన్న సంఘమే అడగగలదు. ఒంటరిగా మిగిలినవాడు మాస్టర్ వీవర్ చెప్పిన మజూరికి తలూపాలి. ఇప్పుడున్న పన్ను పద్ధతి సంఘాన్ని దండిస్తూ, నేతన్నను ఆ గడప దగ్గరికే నెడుతోంది.

ఇంతకంటే మార్గం లేదా అంటే, ఉంది. ప్రభుత్వానికి అది తెలుసు కూడా. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన ఖద్దరును ఖాదీ కమిషన్ గుర్తించిన సంస్థలు అమ్మితే జీఎస్టీ లేదు. అక్కడ మినహాయింపు సంస్థకే దక్కింది. చేనేతకు వచ్చేసరికి అదే మినహాయింపును ఒంటరి మనిషికి పరిమితం చేశారు. రెండు గుడ్డలూ చేతి మగ్గం మీద నేసినవే. తేడా ఒక్క నూలు దగ్గరే.

పన్ను ఎత్తేస్తే, కొన్న సరుకు మీద కట్టిన పన్నును రాబట్టుకునే ఇన్‌పుట్ క్రెడిట్ పోతుందన్న అభ్యంతరంలో పస ఉంది. అందుకే చిలప నూలు మీద కూడా ఎత్తేయాలి. మరమగ్గం గుడ్డ చేనేత పేరుతో చొరబడుతుందన్న భయమూ నిజమే, దాన్ని పట్టుకోవడానికి 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది.

చేనేతపై జీఎస్టీని రాష్ట్రమే భరిస్తుందని 2025 ఆగస్టు 7న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రకటించారు. మంచి మాటే. కానీ వసూలు చేసిన పన్నును ఒక రాష్ట్రం తిరిగి భరించడం కంటే వసూలే లేకుండా చేయడం మేలు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ కౌన్సిల్‌లో సభ్యులే. వచ్చే సమావేశం అజెండాలో చేనేత సహకార సంఘాలకు ఖాదీతో సమానంగా మినహాయింపు అన్న అంశాన్ని వారిద్దరూ కలిసి చేర్పించాలి. ఏ రాష్ట్రం దానికి మద్దతిచ్చిందో, ఏది కాదన్నదో నేత కార్మికులకు బహిరంగంగా చెప్పాలి.